తాడు పట్టని రమణయ్య

ఆ ఆదివారం పొద్దున ఇంట్లో ఐదుగురున్నారు. వాకిట్లో చేటలో ఎండు రొయ్యలు పోసుకుని తలలు గిల్లుతున్న అవ్వ పిచ్చమ్మ. పొయ్యి దగ్గర అమ్మ విజయకుమారి. పంచలో పాత పేపరు పరిచి, పడవ ఇంజను నాజిల్ విప్పి, ఏ ముక్క ఎక్కడిదో మరిచిపోయినట్టు చూస్తున్న చిన్నాయన సుధాకర్. ఆయనకు నాలుగడుగుల దూరంలో గోడకానుకుని వల చిరుగులు కుడుతున్న నాయన రమణయ్య. గడప పక్కన ఇంటర్ రికార్డు పుస్తకంలో బొద్దింక నోటి భాగాలకు పేర్లు రాస్తున్న వెంగమాంబ.

ముగ్గురు మాట్లాడుతున్నారు. వెంగమాంబ ఎప్పటిలాగే వింటూ ఉంది. నాయన మాత్రం ఏమీ మాట్లాడటం లేదు. ఆ సంగతి ఆమె ఒక్కతే పట్టించుకుంది.

రమణయ్య ఆ రోజు వల వేయకుండానే ఒడ్డుకొచ్చేశాడు. అప్పటికి ఏడు కూడా కాలేదు. ఏమయిందని అడిగితే, "రొమ్ము మీద లంగరు పెట్టినట్టుండాది," అన్నాడు.

"ఉత్త కడుపున బీడీ మీద బీడీ ముట్టిచ్చే మనిషివి. వాయువు గాక ఇంకేముంటాది?" అంది పిచ్చమ్మ. సోడా తెప్పించి ఉప్పు కలిపి ఇచ్చింది. తాగాడు. పెద్దగా త్రేన్పు వచ్చింది. దాంతో ఇంట్లో అందరి మనసూ తేలికపడింది.

"నాజిల్ శుభ్రం చేస్తే చాలన్నా. రేపటికి నీ ఇంజను గుర్రం మాదిరి పోతాది," అన్నాడు సుధాకర్.

"నీ గుర్రం సంగతి మాకు తెల్సులే," అంది విజయకుమారి లోపలి నుంచి. "పోయిన నెల నువ్వు బాగుచేసినాకనే గదా, మీ అన్న నడి సముద్రంలో నిలబడిపొయ్యింది. పొద్దుగూకే దాకా తెడ్డేసుకుంటా వచ్చినాడు. అరిచేతులు రెండూ బొబ్బలే."

"దానికి నేనేం చేసేది వదినా? కామాక్షయ్య మామ పడవ పక్కకే వచ్చి తాడు విసిరినాడంట. పట్టుకోవచ్చు గదా?"

ఆ మాటకు రమణయ్య తలెత్తాడు. "తాడు పట్టేది లేదు," అన్నాడు. ఆ పొద్దంతా ఆయన అన్న రెండో మాట అదే.

ఆ జాలర్ల పాలెంలో ఒక పద్ధతి ఉంది. ఇంజను చెడిపోయిన పడవను ఎవరైనా తాడు కట్టి ఒడ్డుకు లాక్కొస్తే, లాగినవాడు వచ్చి ఆ పడవ గంపలోంచి తనకు నచ్చిన చేపను అందరి ముందూ ఎత్తుకుపోతాడు. ఎవరూ ఎగతాళి చెయ్యరు. ఎవరూ ఏమీ అనరు. అయినా తాడు మీద వచ్చినవాడు నాలుగు రోజులు తల దించుకునే తిరుగుతాడు. ఇరవై ఆరేళ్ల వేటలో రమణయ్య గంపలోంచి ఒక్కడు కూడా చేప ఎత్తుకుపోలేదు.

వెంగమాంబ నాయన చేతులనే చూస్తూ ఉంది. ఆ చేతులు వలను చూడకుండానే కుట్టేవి. ఇప్పుడు కర్రసూది వల కన్ను తప్పింది. మళ్లీ తప్పింది. నీడలో కూర్చున్నా నుదుటి మీద చెమట పూసలు కట్టింది. ఆయన ఎడమ భుజాన్ని గోడకేసి మెల్లగా రుద్దుకుంటున్నాడు, దురద పుట్టినవాడిలా. పదో తరగతిలో ఉండగా బడికొచ్చిన నర్సమ్మ చెప్పిన మాటలు ఆమెకు వరసగా గుర్తున్నాయి. రొమ్ము బరువు, చెమట, ఎడమ చెయ్యి. వెంటనే నూట ఎనిమిదికి ఫోన్ చెయ్యాలి. వాయువని అనుకుని కూర్చోకూడదు.

"నాయనా," అంది.

"ఊ?"

చిన్నాయన తలెత్తి చూశాడు. అవ్వ కూడా చూసింది. "ఏం లేదు," అని వెంగమాంబ మళ్లీ బొద్దింక మీదకు వంగింది.

పదకొండు గంటలప్పుడు రమణయ్య లేవబోయి, గోడ పట్టుకుని, తాగినదంతా కక్కేశాడు. మొహం బూడిదలా అయింది. అప్పుడు వెంగమాంబ నిలబడి, తనది కానట్టున్న గొంతుతో, "అమ్మా, అది గుండెపోటు. వాయువు కాదు," అంది.

"నీకెట్లా తెలుసు?"

"బళ్లో చెప్పినారు."

విజయకుమారి ఒక్క క్షణం కూతురి వైపు చూసి, మొగుడి తల ఒళ్లోకి తీసుకుంది. సుధాకర్ నూట ఎనిమిదికి ఫోన్ చేశాడు.

*

గూడూరులో కాగితం మీద గుండె గీతలు తీసి, రెండు మాత్రలు నమిలించి, నెల్లూరికి పొమ్మన్నారు. నెల్లూరు చేరేసరికి మూడయింది. సాయంత్రం గుండె డాక్టరు సంజీవరావు పచ్చ గుడ్డలతోనే బయటికి వచ్చాడు. బెంచీ మీద ముగ్గురు ఆడవాళ్లున్నా, గోడకు నిలబడిన సుధాకర్ దగ్గరికే వెళ్లాడు.

"పెద్ద రక్తనాళం మూసుకుపోయింది. తెరిచి స్టెంట్ వేశాం. కానీ చాలా ఆలస్యంగా తెచ్చారు. గుండె కండరం బాగా దెబ్బతింది. బీపీ నిలబడటం లేదు. కార్డియోజెనిక్ షాక్‌లో ఉన్నాడు."

"ఇంట్లో కరెంటు పనేం చెయ్యలేదు సార్," అన్నాడు సుధాకర్.

"ఆ షాక్ కాదయ్యా. గుండెకు రక్తం తోసే బలం లేదు. ఒంటికి రక్తం చాలడం లేదు. తొడలోంచి బెలూన్ పంపు పెట్టాం. రెండు మూడు రోజులు గుండెకు సాయంగా అది ఉంటే, కండరం కొంత తేరుకోవచ్చు. అర్థమైందా?"

"అర్థమైంది సార్."

డాక్టరు వెళ్లగానే పిచ్చమ్మ కొడుకు చొక్కా పట్టుకుంది. "ఏం చెప్పినాడ్రా?"

"అన్న గుండెకి ఇంకో ఇంజను తగిలిచ్చినారంట."

"అయితే బాగైనట్టే గదా?"

"బాగైనట్టే."

ఆలస్యం అన్న మాట దగ్గరే ఆగిపోయింది వెంగమాంబ. గూడూరు దారిలో, నెల్లూరు దారిలో పట్టిన కాలం ఎవరి చేతిలోనూ లేదు. ఏడు నుంచి పదకొండు దాకా నోరు విప్పకుండా పోగొట్టిన కాలం మాత్రం ఆమెదే.

మర్నాడు పొద్దున ఫ్లోరా సిస్టర్ తలుపు సందులోంచి తల బయటపెట్టి, "రమణయ్య తాలూకు. మీలో చదువుకున్నది ఎవరు?" అని అడిగింది. సుధాకర్ వెంగమాంబను వీపు మీద చెయ్యి పెట్టి ముందుకు నెట్టాడు.

ఫ్లోరాది కొడవలూరు. లావుగా, చురుగ్గా ఉంటుంది. నవ్వితే కళ్లు కనిపించవు. "ఏం పాపా, మాటలొస్తాయా? మీ నాయన నీ వంతు మాటలు కూడా తనే మాట్లాడతా ఉండాడు లోపల," అంది. "కాలు మడవొద్దంటే వినడు. 'నా కాలు ఎందుకు కట్టేసినారు, నేనేమన్నా దొంగనా' అంటాడు. మేం చెప్తే ఎక్కదు. నీకు చెప్తా, నువ్వు చెప్పు."

చేతి తొడుగుల ఖాళీ అట్టపెట్టె చించి, దాని మీద పెన్నుతో గుండె గీసింది. గుండెలోంచి కిందికి దిగే పెద్ద గొట్టం గీసింది. గొట్టం లోపల దోసకాయలాంటి బెలూన్ గీసింది.

"గుండె ఏం చేస్తాది? ఒకసారి పిండుతాది, ఒకసారి నిండుతాది. నిండేటప్పుడు ఈ బెలూన్ ఉబ్బుతాది. ఉబ్బితే గొట్టంలో ఉన్న రక్తం కొంత వెనక్కి పోయి, గుండె సొంత నరాలకే అందుతాది. అంటే పని చేసేవాడికి ముందు కూడు పెట్టినట్టు. మళ్లీ గుండె పిండబోయే ముందు బెలూన్ చటుక్కున ముడుచుకుంటాది. అప్పుడు గొట్టంలో జాగా వస్తాది. గుండె పెద్దగా తొయ్యకుండానే రక్తం పోతాది. దెబ్బ దెబ్బకీ ఇదే. తెలిసిందా?"

వెంగమాంబ తల ఊపింది. తర్వాత, సాహసం చేసి, "గుండె బాగైపోతే బెలూన్ ఏం చేస్తారు సిస్టర్?" అని అడిగింది.

ఫ్లోరా ఆమె వైపు కొత్తగా చూసింది. "మంచి ప్రశ్న. ఇప్పుడు ప్రతి దెబ్బకీ సాయం చేస్తా ఉంది. తేరుకునే కొద్దీ రెండు దెబ్బలకి ఒకసారి, మూడు దెబ్బలకి ఒకసారి చేస్తాం. గుండె తట్టుకుంటే తీసేస్తాం. అంతవరకూ కుడికాలు చాపుకునే ఉండాల. మడిస్తే గొట్టం నలుగుతాది, లాగితే నరం తెగుతాది. ఈ రెండు దినాలు గడిస్తే మీ నాయన గట్టెక్కినట్టే. రేపు పొద్దున లోపలికి పంపిస్తా. బాగా చెప్పు."

*

ఆ రోజంతా వెంగమాంబ అట్టముక్క చేతిలో పెట్టుకుని మాటలు వెతుక్కుంది. సాయంత్రం లోపలికి వెళ్లొచ్చిన సుధాకర్, "ఇంజను అని చెప్పినా. 'నువ్వు బాగుచేసిందా?' అని అడిగినాడు. ఇంకేం మాట్లాడేది?" అన్నాడు. నవ్వాలో వద్దో ఎవరికీ తెలియలేదు. అమ్మ లోపలికి వెళ్తే మొగుడి చెయ్యి పట్టుకుని ఏడ్చి వచ్చేది, అంతే. అవ్వ వెళ్తే కాళ్లు పిసకబోయి సిస్టర్ల చేత చీవాట్లు తినేది. చెప్పగలిగింది తానొక్కతే అనిపించింది వెంగమాంబకు. అలా అనిపించడం ఆమెకు అదే మొదటిసారి. భయంగా ఉంది, ఆ భయంలో ఎక్కడో కొంచెం తీపి కూడా ఉంది.

బెలూన్, నరం, కండరం అంటే నాయన వినడు. ఆయనకు తెలిసిన మాటల్లో చెప్పాలి. మంగళవారం తెల్లవారాక, ఆసుపత్రి కొళాయి దగ్గర మొహం కడుక్కుంటుంటే ఆ మాట దొరికింది.

పదకొండింటికి ఆమెకు నీలం గౌను తొడిగి లోపలికి పంపారు. నాయన మంచం చివర బీరువా అంత మిషన్, టుక్ టుక్ మని ఆగకుండా కొడుతూ ఉంది. తెర మీద గీతలు ఒక దాని వెంట ఒకటి పోతున్నాయి. కుడికాలు దుప్పటి మీదనే చాపి, మోకాలి దగ్గర మెత్తటి పట్టీతో మంచానికి కట్టారు. ఉప్పునీళ్లకు పగిలిన ఆ పాదం తెల్లటి పక్క మీద ఎవరిదో వస్తువులా ఉంది.

"ఏందిమే ఆ శబ్దం? నా రొమ్ములోంచేనా?" అన్నాడు రమణయ్య. గొంతు నీరసంగా ఉన్నా గట్టిగానే అడిగాడు.

"కాదు నాయనా. మిషన్‌ది."

"అందరూ ఒకటే చెప్తారు, కాలు కదపొద్దు, కాలు కదపొద్దు. ఎందుకో ఒక్కరూ చెప్పరు."

వెంగమాంబ మంచం కడ్డీ పట్టుకుంది. "నేను చెప్తా. నీ గుండె నడి సముద్రంలో ఆగిపొయ్యే ఇంజను మాదిరి అయింది నాయనా. పూర్తిగా ఆగలేదు, కొట్టుకుంటా ఉంది, కానీ పడవని లాగే బలం లేదు. అందుకని ఈ మిషన్ ఇంకో పడవ మాదిరి వచ్చి, నీకు తాడు కట్టి లాగతా ఉంది. ఆ తాడే నీ తొడలో ఉండేది. కాలు మడిస్తే తాడు తెగుతాది. నువ్వు ఊరికే పడుకుంటే చాలు, అదే ఒడ్డుకి తీసకపోతాది."

ఒక్క గుక్కలో చెప్పేసింది. ఎక్కడా తడబడలేదు. పక్క మంచం దగ్గరున్న సిస్టర్ కూడా తిరిగి చూసి చిన్నగా నవ్వింది.

రమణయ్య పైకప్పుకేసి చూశాడు. "ఎన్నాళ్ల నించి?"

"ఇది మూడో రోజు."

"మూడు దినాలు తాడు మీద ఉండానా?"

"ఉండావు. ఈరోజు రేపు ఓపిక పడితే చాలు."

"పాలెంలో తెల్సా?"

"అందరికీ తెలుసు. కామాక్షయ్య తాత రోజుకి రెండుసార్లు ఫోన్ చేస్తా ఉండాడు."

ఆయన కళ్లు మూసుకున్నాడు. కాసేపటికి చెయ్యి లేపి కూతురి చేతి మీద పెట్టాడు. "బాగా చెప్పినావు. ఇంక పో," అన్నాడు.

ఆమె తేలిపోతున్నట్టుగా బయటికొచ్చింది. అరగంట తర్వాత ఫ్లోరా వచ్చి, "ఏం మంత్రం వేసినావు పాపా? కిక్కురుమనకుండా పడుకోనుండాడు. పట్టీ కూడా కొంచెం వదులు చేసినాం," అంది. సుధాకర్ ఇడ్లీలు తెస్తే వెంగమాంబ రెండు రోజుల తర్వాత మొదటిసారి ఆకలిగా తింది. విజయకుమారి కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని, విడిపోయిన జడ మళ్లీ అల్లుతూ, "ఇంత మందిమి చెప్తే విననోడు నీ మాట విన్నాడే. ఏమని చెప్పినావు?" అని అడిగింది.

"మిషన్ తాడు కట్టి లాగతా ఉందని చెప్పినా."

జడ అల్లుతున్న చేతులు ఆగాయి.

"తాడని చెప్పినావా? మీ నాయనకి?"

అప్పటిదాకా ఆ రెండు మాటలనూ వెంగమాంబ పక్కపక్కన పెట్టి చూడలేదు. మిషన్ ఎట్లా పనిచేస్తుందో చెప్పాలన్న ఆత్రంలో, వినేది ఎవరో మరిచిపోయింది.

విజయకుమారి సగం అల్లిన జడ వదిలేసి తలుపు దగ్గరికి పోయింది. "ఒక్క నిమిషం నాయనా, మా ఆయనతో ఒక మాట చెప్పి వచ్చేస్తా," అని కాపలా అతన్ని బతిమాలింది. సాయంత్రం ఐదింటికి రమ్మన్నాడు అతను. "సిస్టర్‌కైనా చెప్పు, పట్టీ బిగించి కట్టమని." సిస్టర్ భోజనానికి పోయిందన్నాడు. అతనిదేం తప్పు లేదు. అక్కడ ప్రతి మనిషీ ఒక్క నిమిషమే అడుగుతారు.

*

రెండు గంటలప్పుడు లోపల ఏదో సన్నగా, ఆపకుండా మోగింది. ఇద్దరు సిస్టర్లు పరిగెత్తారు. ఎవరో డాక్టరుగారి కోసం కేక వేశారు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా విజయకుమారి లేచి నిలబడింది, మూసుకున్నప్పుడల్లా కూర్చుంది.

మూడున్నరకు సంజీవరావు వచ్చాడు. ఈసారి గోడకు నిలబడిన సుధాకర్ దగ్గరికి పోకుండా, బెంచీ మీద విజయకుమారి పక్కనే కూర్చున్నాడు. అది చూసి పిచ్చమ్మ ఏడుపు మొదలుపెట్టింది.

"పట్టీ ఊడదీసుకుని, కాలు మడిచి లేవబోయాడమ్మా. తొడలోని గొట్టం పట్టి లాగేశాడు. చాలా రక్తం పోయింది. ఇప్పటిదాకా తొడ నొక్కిపట్టుకునే ఉన్నాం. ఆ బెలూన్ తీసెయ్యక తప్పలేదు. రెండో కాల్లోంచి పెట్టాలంటే అక్కడి రక్తనాళం సన్నగా పూడిపోయి ఉంది, వీలుకాలేదు. ఇంతకన్నా పెద్ద మిషన్లు మద్రాసులో ఉన్నాయి, కానీ ఈ స్థితిలో కదిలించలేం. మందులు ఎక్కిస్తున్నాం. ఇక ఆ గుండె ఒక్కటే మోసుకురావాలి." ఆగి, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "రేపు పొద్దున సాయం తగ్గించి చూద్దామనుకున్నాం. కండరం తేరుకుంటూనే ఉంది. ఒక్క రోజు ఆగితే సరిపోయేది."

"ఎందుకు పీక్కున్నాడు సార్?" అన్నాడు సుధాకర్. "పొద్దున బాగనే ఉన్నాడే. పాప చెప్తే విన్నాడే."

డాక్టరు వెనకే నిలబడిన ఫ్లోరా జవాబిచ్చింది. ఆమె గౌను ముందంతా తడిచి నల్లబడి ఉంది. "'తాడు ఇప్పండి, నేనే పోతా' అన్నాడన్నా. రెండుసార్లు అన్నాడు. తాడేందో మాకు అర్థం కాలేదు."

సుధాకర్‌కు అర్థమైంది. పిచ్చమ్మకూ అర్థమైంది. ఇద్దరూ వెంగమాంబ వైపు చూడబోయి, విజయకుమారి మొహం చూసి ఆగిపోయారు. విజయకుమారి నేల చూస్తూ ఉంది. కూతురి గురించి డాక్టరుకు గానీ, సిస్టర్‌కు గానీ ఒక్క ముక్క చెప్పలేదు.

వెంగమాంబ బెంచీ చివరికి జరిగి కూర్చుంది. ఆదివారం నాలుగు గంటలు నోరు విప్పలేదు. మంగళవారం విప్పింది. ఏది ఎక్కువ తప్పో తూచుకోవడానికి కూడా ఆమెకు బుర్ర పనిచేయలేదు. ఎదురుగా గోడ మీద చెయ్యి కడుక్కునే పద్ధతి బొమ్మలు అంటించి ఉన్నాయి. ఒక చెయ్యి మీద ఇంకో చెయ్యి. ఆమె వాటిని ఊరికే చూస్తూ ఉంది. చూస్తూ చూస్తూ ఉండగా, ఎండాకాలం పాలెం ఒడ్డున లాగే పెద్దవల గుర్తొచ్చింది.

పెద్దవల ఒక్కడు లాగేది కాదు. ఒడ్డున రెండు పక్కలా ఇరవై ఇరవై మంది నిలబడతారు. ఒక చెయ్యి పక్కన ఇంకో చెయ్యి. అల ఒడ్డుకు వచ్చేటప్పుడు ఒక్కపెట్టున లాగుతారు. అల వెనక్కి పోయేటప్పుడు లాగరు, ఊపిరి తీసుకుంటూ పట్టు నిలబెడతారు. ఎవరికైనా ఆయాసం వస్తే పక్కవాడు మాట్లాడకుండా వాడి ముందు చెయ్యి వేస్తాడు. వాడు వల వదలడు, బరువు మాత్రం తగ్గుతుంది. ఊపిరి తిరిగాక మళ్లీ తన వంతు తానే లాగుతాడు. దాంట్లో ఎవరికీ చిన్నతనం లేదు. అలా పక్కవాడి ముందు చెయ్యి వెయ్యడంలో నాయనే అందరికన్నా ముందుండేవాడు. బక్కవాళ్లను ఏరి ఏరి వాళ్ల పక్కనే నిలబడేవాడు.

మిషన్ చేసింది అదే. అచ్చంగా అదే. గుండె ఊపిరి తీసుకునేటప్పుడు అది పట్టు నిలబెట్టింది. గుండె లాగేటప్పుడు బరువు తగ్గించింది. వల వదలమనలేదు. నాయన గుండె మూడు రోజులూ తన వంతు లాగుతూనే ఉంది, ఒక్క దెబ్బ కూడా మానలేదు. ఇది తాడు కట్టిన పడవ కానే కాదు. పక్కన వేసిన చెయ్యి. ఎంత తేలిక మాట. కొళాయి దగ్గర ఈ మాటే దొరికి ఉంటే నాయన నవ్వి పడుకునేవాడు.

ఇప్పుడైనా చెప్పాలి. మిషన్ తీసేసినా సరే. ఆయన తాడు మీద రాలేదని, ఎవరి చేపా బాకీ లేడని, ఇప్పుడు ఒక్కడే లాగుతున్నానన్న పంతంతో గుండెను అలసగొట్టుకోవద్దని చెప్పాలి. ఆ మాటలు ఆమె నోట్లోనే ఉన్నాయి. ఈసారి ఎవరు చూసినా మింగదు.

ఐదు గంటలయింది. కాపలా అతను తలుపు తెరిచి, "రమణయ్య తాలూకు. ఒక్కరే," అన్నాడు.

విజయకుమారి లేచింది. వెంగమాంబ అంతకన్నా ముందే లేచి తలుపు దగ్గరికి వచ్చేసింది. "నేను పోవాలమ్మా," అంది. హాల్లో వాళ్లందరూ తిరిగి చూశారు. ఆమె తల దించలేదు. "నాయనతో ఒక మాట చెప్పాల. తప్పు చెప్పినా. సరైంది ఇప్పుడు తెలిసింది. ఒక్క మాటమ్మా."

విజయకుమారి కూతుర్ని చూసింది. మధ్యాహ్నం సగంలో వదిలేసిన జడ భుజం మీద విడిపోయి ఉంది. ఆ వెంట్రుకలను రెండు వేళ్లతో చెవి వెనక్కి తోసింది. ఆ చేతిలో కోపం లేదు.

"చెప్పిన కాడికి చాలమ్మా," అంది మెల్లగా.

కూతుర్ని బయటే ఉంచి తాను లోపలికి అడుగు పెట్టి, అలవాటు లేని ఆ బరువైన తలుపును రెండు చేతులతో లాక్కుని మూసేసింది.